సగటు కట్టడం వచ్చు, చదవడం రాదు: తరగతి గదిలో గణాంకశాస్త్ర బోధన

పదో తరగతి గణితంలో ఇలాంటి లెక్క ఒకటి ఉందనుకుందాం. 40 మంది విద్యార్థులకు ఒక పరీక్షలో వచ్చిన మార్కులను 20 చొప్పున అంతరాలుగా విడగొట్టారు. 0–20 అంతరంలో నలుగురు, 20–40లో ఆరుగురు, 40–60లో 12 మంది, 60–80లో 10 మంది, 80–100లో 8 మంది ఉన్నారు. సగటు కనుక్కోమంటే పిల్లలు అంతరాల మధ్య విలువలు రాసుకుని, పౌనఃపున్యాలతో, అంటే ఒక్కో అంతరంలో ఉన్నవారి సంఖ్యతో గుణించి, మొత్తాన్ని 40తో భాగించి 56 అని చెప్పేస్తారు. సూత్రం గుర్తున్నవారు మధ్యగతం, అంటే మార్కులను వరుసలో పెడితే నడిమధ్యలో పడే విలువ, 56.67 అని కూడా తేలుస్తారు. అదే పట్టిక చూపించి, 60 మార్కులు వచ్చిన అమ్మాయి ఈ 40 మందిలో పై సగంలో ఉన్నట్టా, కింది సగంలో ఉన్నట్టా అని అడిగితే మాత్రం జవాబు తడబడుతుంది. నిజానికి ఈ ప్రశ్నకు సూత్రంతో పనే లేదు. 60, ఆపైన వచ్చినవారు మొత్తం 18 మంది, అంటే సగానికి తక్కువ; కాబట్టి ఆ అమ్మాయి పై సగంలోనే ఉంది.

ఇక 56.67 అనే సంఖ్య సంగతి. 40–60 అంతరంలో ఉన్న 12 మంది మార్కులు ఆ అంతరం పొడవునా సమానంగా పరచుకుని ఉన్నాయని ఊహించుకుంటేనే మధ్యగతం సూత్రం ఆ విలువ ఇస్తుంది. ఆ 12 మందీ 41, 42 దగ్గరే ఆగిపోయి ఉంటే అసలు మధ్యగతం ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఈ ఊహ సూత్రంలోనే ఇమిడి ఉన్నా బోర్డు మీద దాన్ని ఎవరూ రాయరు, పరీక్షలో ఎవరూ అడగరు. గణాంకశాస్త్ర బోధన గురించి అర్ధ శతాబ్దంగా ప్రపంచమంతటా సాగుతున్న చర్చలో పెద్ద భాగం ఈ లోపం చుట్టూనే తిరుగుతోంది. లెక్క చేయడం నేర్పుతున్నాం గానీ, ఆ లెక్క దేని గురించి ఎంతవరకు మాట్లాడగలదో నేర్పడం లేదన్నది దాని సారం. ఈ లోపాన్ని సరిదిద్దడానికి వచ్చిన మార్గాలు ఒకటికి మించి ఉన్నాయి. అవి ఒకదానితో ఒకటి పూర్తిగా ఏకీభవించవు.

ముందుగా, మన పాఠ్యక్రమం ఇలా ఎందుకు ఉందో చూడాలి. సగటు కట్టడానికి మనం ప్రత్యక్ష పద్ధతి, ఊహించిన సగటు పద్ధతి, సోపాన విచలన పద్ధతి అని మూడు దారులు నేర్పుతాం. మూడింటికీ జవాబు ఒకటే. కాలిక్యులేటర్ కూడా లేని కాలంలో, వేలాది సంఖ్యలను చేత్తో కూడవలసిన గుమస్తాకు పెద్ద గుణకారాలు తప్పించడానికి పుట్టిన ఉపాయాలు చివరి రెండూ. సమాచారాన్ని అంతరాలుగా కుదించడం వెనుక కూడా చాలావరకు ఆ అవసరమే ఉంది. ఆ గుమస్తా పని ఇప్పుడు యంత్రం చేస్తోంది గానీ, ఆయన ఉపాయాలు మాత్రం పాఠంగా మిగిలిపోయాయి. వాటిలో అందమైన బీజగణితం ఉందన్న మాట నిజమే. అన్ని విలువల నుంచి ఒకే సంఖ్య తీసివేస్తే సగటు కూడా అంతే తగ్గుతుందన్న సంగతి పిల్లలకు తెలియవలసిందే. అందుకు ఒక పీరియడు చాలు, వారం అక్కర్లేదన్నది నా అభిప్రాయం.

గణితం బోధించే ఉపాధ్యాయుడే గణాంకశాస్త్రాన్నీ బోధించడం మన బడుల్లో సహజం. అయితే రెండింటి స్వభావంలో ఒక తేడా ఉంది. గణితంలో సందర్భం తొలగించాలి. మామిడిపండ్లు పోయి ఎక్స్ మిగిలితేనే పని ముందుకు సాగుతుంది. గణాంకశాస్త్రంలో సందర్భం పోతే సంఖ్యకు అర్థమే ఉండదు. 56 అన్నది మార్కులా, కిలోలా, నిమిషాలా, ఎవరు కొలిచారు, ఎలా కొలిచారు అన్నది తెలియకుండా అది ఎక్కువో తక్కువో చెప్పలేం. రెండో తేడా హెచ్చుతగ్గులకు సంబంధించినది. త్రిభుజం కోణాల మొత్తం ఇవాళ 180 డిగ్రీలు, రేపూ అంతే. అదే ప్రశ్నను వేరే 40 మందిని అడిగితే మాత్రం జవాబు కొంచెమైనా మారుతుంది. ఆ మార్పు ఎంత, ఎందుకు, ఎంతవరకు సహజం అన్నవే ఈ శాస్త్రం అడిగే అసలు ప్రశ్నలు. సగటును వారాల తరబడి చెప్పి, విలువలు ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయో చెప్పే విస్తరణను ఇంటర్‌లో ఒక అధ్యాయంగా తోసేసే పద్ధతిలో ఈ ప్రశ్నలకు చోటు దొరకదు.

హెచ్చుతగ్గుల విషయంలో మన సహజబుద్ధి ఎంత బలహీనమో 1972లో మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఎమోస్ ట్వెర్‌స్కీ ప్రచురించిన ఒక ప్రశ్న చూపించింది. ఒక ఊళ్లో రెండు ఆసుపత్రులు ఉన్నాయి. పెద్దదానిలో రోజుకు 45 మంది, చిన్నదానిలో 15 మంది పిల్లలు పుడతారు. పుట్టినవారిలో మగపిల్లలు 60 శాతం దాటిన రోజులు ఏడాదిలో ఏ ఆసుపత్రిలో ఎక్కువగా ఉంటాయి? జవాబు చిన్న ఆసుపత్రి. కానీ విద్యార్థుల్లో సగానికి పైగా రెండింట్లో దాదాపు సమానమే అన్నారు. దీన్ని తరగతిలో చెప్పి వదిలేస్తే ఉపయోగం లేదు, చేసి చూపించాలి. ప్రతి విద్యార్థినీ ఒక నాణేన్ని 4 సార్లు ఎగరేయమంటే, వందకు దాదాపు 31 మందికి మూడు గానీ నాలుగు గానీ బొమ్మలు పడతాయి. అంటే మూడు వంతులకు తగ్గని బొమ్మలన్న మాట. పదేసిమంది ఫలితాలు కలిపి 40 ఎగరవేతలుగా చూస్తే, అందులో 30కి తగ్గకుండా బొమ్మలు పడే అవకాశం సుమారు వెయ్యిలో ఒకటి. చిన్న గుంపులో వింతలు సాధారణమని, పెద్ద గుంపులో అవి అరుదని పిల్లలకు తమ చేతి నాణేలే చెబుతాయి. ఒక చిన్న బడిలో నూటికి నూరు శాతం ఉత్తీర్ణత వచ్చిందన్న వార్తను ఆ తర్వాత వారు వేరే కళ్లతో చదువుతారు.

నాణేలతోనే ఇంకో పని చేయించవచ్చు. సగం మందిని నాణేన్ని నిజంగా 100 సార్లు ఎగరేసి వరుస రాయమనాలి. మిగతా సగం మంది ఎగరేయకుండా ఊహించి రాయాలి. ఉపాధ్యాయుడు బయటి నుంచి వచ్చి కాగితాలు చూసి ఏది అసలో ఏది నకలో చెబుతాడు. కిటుకు చిన్నదే. నిజంగా ఎగరేసిన 100 సార్లలో వరుసగా ఐదుగానీ అంతకుమించిగానీ ఒకే వైపు పడిన చోటు ఒక్కటైనా ఉండే అవకాశం దాదాపు 97 శాతం. ఊహించి రాసేవారు నాలుగోసారికే భయపడి వైపు మార్చేస్తారు. ఈ ఆట ఆడిన తరగతికి యాదృచ్ఛికతకు నిర్వచనం చెప్పడం చాలా తేలిక.

సగటు దగ్గరకు మళ్లీ వస్తే, దాన్ని పిల్లలు అర్థం చేసుకునే తీరులో కనీసం రెండు మెట్లు ఉన్నాయి. అందరి వద్దా ఉన్నది పోగుచేసి సమానంగా పంచితే ఒక్కొక్కరికి వచ్చే వాటా అన్నది మొదటిది. ఇది చిన్న తరగతుల్లోనే పట్టుబడుతుంది. విలువలన్నీ రెండు వైపులా తూగే సమతుల్య బిందువు అన్నది రెండోది, ఇది కష్టం. రెండో మెట్టు ఎక్కనివారికి భారిత సగటు, అంటే పెద్ద గుంపుకు ఎక్కువ బరువు ఇచ్చి కట్టే సగటు, అంతుపట్టదు. ఒక సెక్షన్‌లో 40 మంది ఉండి వారి సగటు 70, మరో సెక్షన్‌లో 20 మంది ఉండి వారి సగటు 40 అయితే, మొత్తం సగటు 55 అనేవారు ప్రతి తరగతిలోనూ ఉంటారు. అసలు జవాబు 60. ఈ పొరపాటు కాలేజీ విద్యార్థుల్లోనూ విస్తారంగా ఉందని 1981లోనే అమెరికా పరిశోధకులు గమనించారు. సూత్రం మళ్లీ చెప్పడం దీనికి మందు కాదు. లెక్క కట్టకముందే, జవాబు 55కు ఏ వైపున ఉంటుంది, ఎందుకు అని అడగాలి. అంచనా ముందు, లెక్క తర్వాత అన్న ఈ క్రమం ఖర్చు లేనిది, ఏ పాఠ్యపుస్తకంతోనైనా కుదిరేది. అయినా అరుదుగా కనిపిస్తుంది.

సగటును తప్పుగా చదివితే చరిత్రనే తప్పుగా చదువుతాం. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్లు. ఈ మాట విన్న విద్యార్థి, ఆ రోజుల్లో 40 దాటినవారే లేరనుకుంటాడు. పసితనంలోనే పోయిన పిల్లల సంఖ్య ఎంత పెద్దదైతే సగటు అంత కిందికి దిగుతుందని, బాల్యం గట్టెక్కినవారిలో ముసలితనం చూసినవారు ఎందరో ఉన్నారని చెప్పడానికి గణిత ఉపాధ్యాయుడికీ సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడికీ ఇంతకన్నా మంచి ఉమ్మడి పాఠం దొరకదు.

సంస్కరణ మార్గాల్లో మొదటిది, అన్నిటికన్నా విస్తృతంగా ఆమోదం పొందినది, సమాచారాన్నే కేంద్రంగా పెట్టుకున్నది. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2005లో కాలేజీ బోధనకు, ఆ తర్వాత బడి బోధనకు మార్గదర్శకాలు వెలువరించింది. కాలేజీవాటిని 2016లో, బడివాటిని 2020లో సవరించింది. సూత్రాల జాబితా కన్నా ఆలోచనా విధానం నేర్పాలని, సందర్భమూ ప్రయోజనమూ ఉన్న అసలైన సమాచారం వాడాలని, పిల్లలు చేతులతో పాల్గొనాలని వాటి సారాంశం. న్యూజిలాండ్ ఇంకా ముందుకు వెళ్లింది. అక్కడి క్రిస్ వైల్డ్, మాక్సిన్ ఫాన్‌కుచ్ 1999లో ప్రచురించిన వ్యాసంలో గణాంక పరిశోధనను ఐదు దశల చక్రంగా వివరించారు. సమస్యను గుర్తించడం, ప్రణాళిక వేయడం, సమాచారం సేకరించడం, విశ్లేషించడం, నిర్ణయానికి రావడం ఆ దశలు. ఆ దేశపు బడి పాఠ్యక్రమంలో ఈ చక్రమే వెన్నెముక అయింది. మన పాఠాలు ఈ ఐదింటిలో నాలుగో దశ మధ్యలో మొదలై అక్కడే ముగుస్తాయి. సమాచారం పుస్తకంలో అచ్చయి వస్తుంది, ప్రశ్న కూడా పుస్తకానిదే, నిర్ణయం ఎవరికీ అక్కర్లేదు.

ఐదు దశలూ ఒక్క వారంలో పట్టే ప్రాజెక్టు మన ఊళ్లలోనే ఉంది. ప్రతి విద్యార్థీ తన వీధిలో పెద్దవారి వయసులు అడిగి, పేర్లు లేకుండా సంఖ్యలు మాత్రం రాసుకురావాలి. అందరివీ కలిపి ఒక్కో వయసుకు ఒక్కో చుక్క చొప్పున బోర్డు మీద పేరిస్తే, సాఫీగా సాగే వాలు కాక, 40, 45, 50, 60 దగ్గర గోపురాలు, 41, 49, 61 దగ్గర గోతులు కనిపించే అవకాశం ఎక్కువ. ఇది ఆ వీధి వింత కాదు. భారత జనగణన వయసుల పట్టికల్లో మొదటి నుంచీ ఉన్న లక్షణమే. 0తో గానీ 5తో గానీ ముగిసే వయసు చెప్పడం మనిషికి అలవాటు. దీన్ని కొలవడానికి విపుల్ సూచిక అనే సులువైన కొలత ఉంది. 23 నుంచి 62 ఏళ్ల మధ్య వయసు చెప్పినవారిలో 0, 5 అంకెలతో ముగిసినవారి సంఖ్యను, ఆ మొత్తంలో ఐదో వంతుతో భాగించి 100తో గుణించాలి. అందరూ సరైన వయసు చెబితే అది 100 చుట్టుపక్కల వస్తుంది; అందరూ గుండుగుత్తగా చెబితే 500 వస్తుంది. ఆరో తరగతి భాగహారంతో చేయగల లెక్క ఇది, దేశాల జనగణనల నాణ్యతను పోల్చడానికి జనాభా శాస్త్రజ్ఞులు వాడే లెక్క కూడా ఇదే.

దీని నుంచి వచ్చే ప్రశ్నలు పాఠ్యపుస్తకంలో దొరకవు. పెద్దవాళ్లు అబద్ధం చెబుతున్నారా? లేదు. పుట్టినతేదీ రాసిపెట్టే అలవాటు లేని ఇళ్లలో వయసు సంఘటనలను బట్టి గుర్తుంటుంది. ఫలానా పుష్కరాలకు పుట్టాననో, 1977 దివిసీమ ఉప్పెన నాటికి చంకలో పిల్లనో అని చెప్పిన మనిషిని వయసెంత అంటే, రమారమి 50 అంటుంది. అందుకే జనగణన ఎన్యూమరేటర్లు కూడా ఇలాంటి సంఘటనలు గుర్తుచేసి వయసు రాబడతారు. (బడిలో చేర్చేటప్పుడు మాస్టారు రాసిన జూన్ తేదీయే పుట్టినరోజైపోయినవారు ఎందరో మనకు తెలిసినవారే, పుట్టిన నెలలు కూడా సేకరిస్తే ఇంకో గోపురం బయటపడవచ్చు.) ఇప్పుడు అంతరాల ప్రశ్న కొత్తగా వస్తుంది. 40–44, 45–49 అని విడగొడితే, నిజంగా 39 ఏళ్లుండి 40 అని చెప్పినవారు పొరుగు అంతరంలోకి జారిపోతారు. 38–42, 43–47 అని విడగొడితే గోపురం అంతరం మధ్యలో పడి, ఇటువారూ అటువారూ చాలావరకు తమ ఇంట్లోనే ఉంటారు. పాఠ్యపుస్తకంలో దైవదత్తంలా కనిపించే అంతరాల విభజన, నిజానికి ఒక మనిషి కారణం చూసుకుని తీసుకున్న నిర్ణయమని విద్యార్థికి ఇక్కడ తెలుస్తుంది. అంతరం వెడల్పు మారితే బాహుళకం, అంటే అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే విలువ, కూడా మారిపోతుందన్నది కూడా ఇదే పాఠంలో చేయించి చూపవచ్చు.

ఈ మార్గానికి ఇబ్బందులు లేకపోలేదు. అసలైన సమాచారం గజిబిజిగా ఉంటుంది, సమయం తింటుంది. 50 మంది ఉన్న తరగతిలో 40 నిమిషాల పీరియడులో చర్చ గాడి తప్పడం క్షణం పని. సేకరణలోనే ఉత్సాహమంతా అయిపోయి, చివరికి రంగురంగుల చార్టు గోడకెక్కి, నిర్ణయమన్నది మరుగున పడే ప్రాజెక్టులే ఎక్కువ. చార్టుకు మార్కులు ఇచ్చినంత కాలం ఇది తప్పదు.

నమూనాల పాఠం మనకు వంటింటి నుంచే వస్తుంది. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలని అందరికీ తెలుసు. కానీ అది ఎప్పుడు చాలుతుందన్నదే ప్రశ్న. గిన్నె అంతటా వేడి సమానంగా పాకితేనే ఆ మెతుకు మిగతావాటి తరఫున మాట్లాడగలదు. పైన పలుకుగా ఉండి అడుగంటుతున్న అన్నానికి ఒక్క మెతుకు సాక్ష్యం చెల్లదు. దీన్ని తరగతిలో పరీక్షించడానికి తెలుగు వాచకంలోని ఒక పేజీ సరిపోతుంది. పేజీకి ప్రాతినిధ్యం వహించే 10 పదాలు ఎంచి, వాటి సగటు అక్షరాల సంఖ్య కట్టమనాలి. తర్వాత పదాలకు వరుస సంఖ్యలు వేసి, చీటీలు తీసి 10 పదాలు ఎంచమనాలి. కంటితో ఎంచినప్పుడు సగటు ఎక్కువగా రావడానికే మొగ్గు ఉంటుంది, ఎందుకంటే పొడవాటి పదం ముందు కంటపడుతుంది, ‘ఈ’, ‘ఆ’, ‘కానీ’ వంటివి జారిపోతాయి. అమెరికా అధ్యాపకులు రకరకాల పరిమాణాల దీర్ఘచతురస్రాలు అచ్చేసిన కాగితంతో ఇదే ఆట ఆడిస్తారు. ఇక్కడ అసలు గ్రహించవలసింది, 10కి బదులు 30 పదాలు కంటితో ఎంచినా ఆ మొగ్గు పోదని. అమెరికాలో 1936 అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి కార్డులు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు తెప్పించుకుని కూడా, లాండన్ గెలుస్తాడని చెప్పింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. ఎందరిని అడిగామన్నది ఎవరిని అడిగామన్నదానికి ప్రత్యామ్నాయం కాదు. ఈ ఒక్క సంగతి పట్టుబడితే, ఫోన్‌కు వచ్చే ప్రతి ఆన్‌లైన్ పోల్ ఫలితాన్నీ విద్యార్థి అనుమానించడం మొదలుపెడతాడు.

రెండో మార్గం అనుకరణ మీద, అంటే యాదృచ్ఛికతను చీటీలతోనో కంప్యూటర్‌తోనో పలుమార్లు చేసి చూడటం మీద ఆధారపడినది. కాలేజీ స్థాయిలో దీని చుట్టూ గట్టి వాదమే నడిచింది. అనుమితి, అంటే నమూనా నుంచి మొత్తం గురించి నిర్ణయానికి రావడం, సాంప్రదాయికంగా గంట ఆకారపు వక్రమైన సాధారణ విభాజనం, సగటుల తేడాను తూచే టి-పరీక్ష, పట్టికల ద్వారా నేర్పుతాం. 2007లో అమెరికా గణాంకవేత్త జార్జ్ కాబ్ ఈ క్రమాన్ని, భూమిని కేంద్రంగా పెట్టిన టోలెమీ ఖగోళంతో పోల్చి, కంప్యూటర్ లేని కాలపు ఉజ్జాయింపులను ఇంకా కేంద్రంలో కూర్చోబెట్టి, అసలు తర్కాన్ని వాటి చుట్టూ తిప్పుతున్నామని రాశారు. యాదృచ్ఛికంగా కలపడమే తర్కం, దాన్ని నేరుగా చేసి చూపించవచ్చు అన్నది ఆయన వాదన.

తరగతిలో అది ఇలా ఉంటుంది. ఒకే ఇంగ్లీషు అక్షరాల వరుసను రెండు రకాల కాగితాల మీద అచ్చు వేయిస్తారు. ఒకదానిలో టీవీ, ఎల్ఐసీ, ఎస్‌బీఐ, ఆర్‌టీసీ అని తెలిసిన ముక్కలుగా విరుపులు ఉంటాయి. రెండోదానిలో అవే అక్షరాలు అదే వరుసలో అర్థం లేని చోట విరిగి ఉంటాయి. కాగితాలను కలిపేసి 40 మందికి పంచి, 20 సెకన్లు చూడనిచ్చి, గుర్తున్నంత వరకు వరుసగా రాయమంటారు. రెండు రకాలున్నాయని పిల్లలకు ముందు తెలియదు. రెండు గుంపుల సగటుల మధ్య తేడా 4 అక్షరాలు వచ్చిందనుకుందాం. విరుపుల ప్రభావం ఉందనడానికి ఈ తేడా చాలా, లేక జ్ఞాపకశక్తి ఉన్నవారు యాదృచ్ఛికంగా ఒక వైపు చేరారా? విరుపుల ప్రభావం ఏమీ లేకపోతే, ప్రతి విద్యార్థికీ ఏ కాగితం వచ్చినా అదే స్కోరు వచ్చి ఉండేది. కాబట్టి 40 స్కోర్లను 40 చీటీల మీద రాసి, బాగా కలిపి, రెండు కుప్పలుగా పంచి, తేడా చూడాలి. ప్రతి జట్టూ ఇలా పదిసార్లు చేసి ఫలితాలు బోర్డు మీద చుక్కలుగా పెడితే, సున్నా చుట్టూ ఒక గుట్ట ఏర్పడుతుంది. 4 ఆ గుట్ట మధ్యలో ఉందా, అంచున ఉందా, అసలు అక్కడిదాకా ఏ చుక్కా రాలేదా అన్నదే జవాబు. పి-విలువ అంటే ఆ గుట్టలో 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ తేడా ఉన్న చుక్కల వంతు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. పాలు ముందు పోశారా, టీ ముందు పోశారా అన్నది రుచి చూసి చెబుతానన్న ఒక మహిళను 8 కప్పులతో పరీక్షించే ప్రయోగాన్ని బ్రిటిష్ గణాంకవేత్త రొనాల్డ్ ఫిషర్ 1935లోనే వివరించాడు. నాలుగు కప్పుల్లో పాలు ముందు పోస్తారు, ఆ నాలుగూ ఏవో ఆమె చెప్పాలి. ఎనిమిదింటిలో నాలుగు ఎంచే పద్ధతులు 70. ఊహించి చెప్పినా అన్నీ సరిపోయే అవకాశం 70లో ఒకటి. ప్రస్తారాలు, సంయోగాలు చదివిన ఇంటర్ విద్యార్థికి ఇంతకన్నా సూటిగా పరికల్పన పరీక్షను, అంటే ఒక ఊహ సమాచారం ముందు నిలుస్తుందో లేదో చూసే పద్ధతిని, పరిచయం చేసే దారి లేదు. అక్కడ నేర్చుకున్నది ఇక్కడ ఎందుకు పనికొస్తుందో కూడా కనబడుతుంది.

అనుకరణ అంతా తీర్చేస్తుందని మాత్రం నేననను. చీటీలు కలపడం ఎందుకో అర్థం కాని విద్యార్థికి అది ఇంకో తంతు మాత్రమే. ఎక్కువసార్లు కలిపితే ఎక్కువ సమాచారం వచ్చినట్టేనని, పదివేల చుక్కలుంటే పదివేల మందిని అడిగినట్టేనని పొరబడేవారూ ఉంటారు. పి-విలువ అంటే పరికల్పన నిజమయ్యే అవకాశమన్న అపోహ ఈ మార్గంలోనూ పుడుతుంది. ఆ అపోహ విద్యార్థులదే కాదు. పరిశోధకుల్లోనూ అంత పాతుకుపోయింది కాబట్టే 2016లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ పి-విలువ ఏం చెబుతుందో, ఏం చెప్పదో వివరిస్తూ ప్రకటన విడుదల చేయవలసి వచ్చింది. పైగా పై చదువుల్లో సాధారణ విభాజనం, టి-పరీక్ష తప్పవు. తర్కం చీటీలతో మొదలుపెట్టి, ఆ గుట్ట ఆకారాన్ని ఏ వక్రం పోలి ఉందో అడుగుతూ సూత్రానికి చేరడమే నాకు సరైనదనిపిస్తుంది. సూత్రం అప్పుడు పొదుపు చేసే సాధనంగా కనబడుతుంది, ఆజ్ఞగా కాదు.

కంప్యూటర్ల గురించి కొద్దిగా చెబితే చాలు. స్ప్రెడ్‌షీట్, జియోజీబ్రా, కోడాప్ వంటి ఉచిత సాధనాలు లెక్క భారాన్ని తీసేస్తాయి. ల్యాబ్ లేని బడిలో చీటీలూ నాణేలూ ఆ పని చేస్తాయి. యంత్రం వచ్చాక పెరిగే ప్రమాదం ఒకటుంది. జవాబు క్షణంలో వస్తే చూడటం మానేస్తాం. దీనికి విరుగుడు గణాంకవేత్త ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ 1973లో ఇచ్చిన నాలుగు చిన్న పట్టికలు. నాలుగింటిలోనూ ఎక్స్ సగటు 9, వై సగటు దాదాపు 7.5, రెండూ ఎంత కలిసి మారతాయో చెప్పే సహసంబంధం సుమారు 0.816, చుక్కలకు దగ్గరగా సరిపోయే సరళరేఖ కూడా ఒకటే. గ్రాఫు గీస్తే ఒకదానిలో మామూలు చుక్కల మేఘం, రెండోదానిలో వంపు, మూడోదానిలో సరళరేఖకు దూరంగా ఒంటరి బిందువు, నాలుగోదానిలో దాదాపు అన్ని బిందువులూ ఒకే నిలువు గీత మీద. ముందు సంఖ్యలన్నీ కట్టించి, నాలుగూ ఒకటేనని ఒప్పించి, ఆ తర్వాతే గ్రాఫు గీయించాలి. క్రమం తప్పితే రుచి పోతుంది.

సూత్రంతో పాటు దాని షరతును కూడా చెబితే ఏం జరగగలదో చూపించే ఉదంతం మన గణాంకశాస్త్ర చరిత్రలోనే ఉంది. తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి కలకత్తా చేరిన సి.ఆర్. రావు, 1940ల మొదట్లో అక్కడి విశ్వవిద్యాలయంలో అంచనాల సిద్ధాంతం బోధిస్తున్నారు. వయసు ఇంకా పాతిక లేదు. పెద్ద నమూనాలకు వర్తించే ఫిషర్ ఫలితం ఒకటి చెబితే, చిన్న నమూనాలకు అలాంటిది లేదా అని ఒక విద్యార్థి అడిగాడు. ఆ విద్యార్థి తర్వాత ఆర్థికవేత్తగా పేరు పొందిన వి.ఎం. దాండేకర్. ఆ రాత్రి కూర్చుని రావు సాధించిన ఫలితమే 1945లో అచ్చయి, అంచనా కచ్చితత్వానికి హద్దు ఎక్కడుందో చెప్పే క్రామర్–రావు అసమానతగా ప్రపంచమంతా ఎరిగినదైంది. ఇందులో గురువు ప్రతిభ గురించి అందరూ చెబుతారు. నాకు ముఖ్యమనిపించేది అంతకుముందు జరిగింది: ఫలితం పెద్ద నమూనాలకే పరిమితమని తరగతిలో చెప్పడం వల్లే ఆ ప్రశ్నకు చోటు దొరికింది. సమానంగా పరచుకున్నాయన్న ఊహను దాచిపెట్టి మధ్యగతం సూత్రం ఇచ్చే తరగతిలో అలాంటి ప్రశ్న ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంతా చెప్పాక, ఉపాధ్యాయుడి వైపు నుంచి వచ్చే అభ్యంతరం న్యాయమైనదే. పబ్లిక్ పరీక్షలో అడిగేది సగటు, మధ్యగతం, బాహుళకం విలువలు. సూత్రానికి ఒక మార్కు, పట్టికకు కొన్ని, జవాబుకు ఒకటి. వయసుల గోపురాల గురించి వారం రోజులు మాట్లాడిన ఉపాధ్యాయుడు మార్చిలో ఆ మార్కులు ఎక్కడి నుంచి తేవాలి? పైగా ఆయన చదివిన డిగ్రీ గణితంలో గణాంకశాస్త్రం అసలు ఉండకపోవచ్చు. ఉన్నా తాను నేర్చుకున్నది సూత్రాల గణాంకశాస్త్రమే. శిక్షణ తరగతుల్లో కార్యకలాపాల జాబితా చేతిలో పెట్టి పంపితే ఫలితం ఉండదు. ఉపాధ్యాయులే ఒకసారి చీటీలు కలిపి, గుట్ట పేర్చి, దాని గురించి వాదించుకుంటేనే తరగతిలో ఆ వాదనను నడపగలరు.

కాబట్టి మార్పు పాఠ్యపుస్తకం కన్నా ముందు ప్రశ్నపత్రంలో రావాలని నా అభిప్రాయం, అదీ పెద్దదేమీ కాకుండా, రెండు మార్కుల ప్రశ్న ఒకటి. ఉదాహరణకు: ఒక విద్యార్థినికి బడికి వెళ్లడానికి రెండు దారులున్నాయి. ఐదు రోజుల్లో బస్సుకు పట్టిన నిమిషాలు 28, 29, 30, 31, 32. ఆటోకు పట్టినవి 15, 20, 30, 35, 50. పరీక్ష రోజున ఇంటి నుంచి 40 నిమిషాల ముందు బయల్దేరితే ఏది ఎక్కాలి, ఎందుకు? రెండింటి సగటూ 30, మధ్యగతమూ 30, కాబట్టి సగటు కట్టి ఆగిపోయినవారికి దారి దొరకదు. హెచ్చుతగ్గులు చూసినవారు బస్సు అంటారు. ఐదు రోజుల సమాచారం చాలదని, ఆటోకు 50 నిమిషాలు పట్టిన రోజు ఏం జరిగిందో తెలియాలని రాసిన విద్యార్థి కూడా ఉంటాడు. మూల్యాంకన సూచనల్లో ఆ జవాబుకు పూర్తి మార్కులు ఇవ్వాలని ముందే రాసిపెట్టాలి, ఎందుకంటే స్పాట్ వాల్యుయేషన్‌లో రోజుకు పదుల కొద్దీ పేపర్లు దిద్దే ఉపాధ్యాయుడు సూచనల్లో లేని జవాబును నమ్మి మార్కులు వేసే సాహసం చేయలేడు.